సైనిక పూర్వీకుల రికార్డులు తెప్పిస్తామనే ఆ వ్యక్తికి డబ్బు కట్టకండి

బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన పూర్వీకుల కాగితాలు లండన్ నుంచి తెప్పించి ఇస్తామని వంశవృక్షాల గుంపుల్లో తరచుగా ప్రకటనలు ఇచ్చే వ్యక్తి ఎవరో మీలో చాలామందికి తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు. మా అమ్మకు ముత్తాత అయిన ఒక ఇంగ్లీషు సిపాయి గురించి వెతికి పెట్టమని ఆ వ్యక్తికి నలభై వేల రూపాయలు ముందుగానే చెల్లించాము. విక్టోరియా రాణి కాలంలో ఒక పదాతి రెజిమెంటు బ్యాండులో క్లారినెట్ వాయిస్తూ సికింద్రాబాదు కంటోన్మెంటుకు వచ్చి, సైన్యం వదిలిన తరువాత ఇక్కడే సంసారం చేసుకుని ఉండిపోయిన మనిషి ఆయన. పేరు, 1876లో కూతురికి బాప్తిస్మం ఇప్పించిన సంగతి తప్ప మా దగ్గర మరే ఆధారమూ లేదు.

నిన్న సాయంత్రం వచ్చినది టైపు చేసిన ఒకే ఒక్క కాగితం. అమ్మ ముత్తాతగారు 1874లో సౌత్ లాంకషైర్ రెజిమెంటులో చేరారని, ఆయన మిగతా కాగితాలన్నీ 1940 నాటి బాంబు దాడిలో కాలిపోయాయని అందులో ఉంది. ఈ రెండు మాటలూ అబద్ధాలే. 1874లో సౌత్ లాంకషైర్ అనే రెజిమెంటే లేదు. 40వ, 82వ పదాతి రెజిమెంట్లను కలిపి ఆ పేరు పెట్టింది 1881 జూలై 1 నాటి సంస్కరణల్లో. అప్పటివరకు 40వ రెజిమెంటు పేరులో ఉన్నది సోమర్‌సెట్‌షైర్. ఇక 1940 సెప్టెంబరులో లండన్‌లో కాలిపోయినవి మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సిపాయిల సర్వీసు కాగితాలు. విక్టోరియా కాలపువి లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో (బ్రిటిష్ ప్రభుత్వ పాత రికార్డులు దాచే చోటు) నేటికీ ఉన్నాయి.

ఈ సంగతి చెప్పి, ఏ వరుసలోని ఏ పెట్టెలో చూశారో ఆ సంఖ్య, అసలు పుట ఫోటో ఇమ్మని ఫోనులో మర్యాదగానే అడిగాను. అమ్మ పక్కనే కూర్చుని వింటోంది. ఆ వ్యక్తి అన్న మాటలు ఇవి: "ఆయన ఏమైనా జనరలా అండీ? బ్యాండులో పీపీ ఊదుకునేవాడు. అలాంటివాళ్లకు రికార్డులు ఎవరు రాస్తారు? పేరు దొరికింది కదా, ఫ్రేము కట్టించుకోండి." ఆ వెంటనే ఫోను పెట్టేసి నా నంబరు బ్లాకు చేశారు. డబ్బు పోయినందుకు కంటే, డెబ్బై ఐదేళ్ల మా అమ్మ చెవిన ఆ మాట పడినందుకు నాకు ఎక్కువ బాధగా ఉంది. తన ముత్తాత పేరు చెప్పుకుని పెరిగిన మనిషి రాత్రి అన్నం కూడా తినలేదు.

ఆ మాట అమర్యాద మాత్రమే కాదు, పచ్చి అబద్ధం కూడా. వాద్యగాళ్ల గురించి ఆ సైన్యం రాసి పెట్టినంత ఓపికగా ఎవరూ రాసి ఉండరు. పద్నాలుగేళ్లకే బాలురుగా బ్యాండులో చేరినవారి పేర్లు కూడా మూడు నెలలకొకసారి జీతాల పట్టీల్లోకి ఎక్కేవి. సిపాయిల పిల్లలు చదివిన చెల్సీలోని రాయల్ మిలిటరీ అసైలం నుంచి ఎందరో నేరుగా బ్యాండుల్లోకి వెళ్లారు. ఆ బడి రిజిస్టర్లు నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూ.ఓ. 143 అనే వరుసలో ఉన్నాయి (డబ్ల్యూ.ఓ. అంటే వార్ ఆఫీసు, అప్పటి బ్రిటిష్ యుద్ధ శాఖ). బ్యాండ్‌మాస్టర్లను తయారు చేయడానికి 1857లో నెల్లర్ హాల్‌లో ప్రత్యేకంగా ఒక సంగీత శిక్షణాలయమే పెట్టారు. యుద్ధం వస్తే ఇదే వాద్యగాళ్లు స్ట్రెచర్లు పట్టి గాయపడినవారిని మోసుకువచ్చేవారు. అటువంటి మనుషులను పీపీ ఊదేవాళ్లని తీసిపారేసే వ్యక్తికి వారి చరిత్ర వెతికే అర్హత లేదు.

నిజంగా తెలిసినవారైతే మొదటే ఒక మాట చెప్పి ఉండేవారు. డబ్ల్యూ.ఓ. 97లో ఉండే డిశ్చార్జి కాగితాలు, 1883కు ముందు కాలానికి, పింఛను మీద వెళ్లినవారివి మాత్రమే. డబ్బు కట్టి ముందుగా బయటపడినవారు, నౌకరీలో ఉండగానే చనిపోయినవారు అందులో దొరకరు. వారి కోసం జీతాల పట్టీలు తిరగేయాలి: 1878 వరకు డబ్ల్యూ.ఓ. 12, ఆ తరువాతివి డబ్ల్యూ.ఓ. 16. పదాతి దళంలో డ్రమ్మర్లను విడిగా రాసేవారు గానీ, క్లారినెట్ వంటివి వాయించేవారి పేర్లు చాలావరకు మామూలు సిపాయిల పేర్లలోనే కలిసి ఉంటాయి కాబట్టి బ్యాండు అనే మాట కనిపించలేదని వదిలేయకూడదు. 1868 తరువాతి కొన్ని పట్టీల్లో భార్యాపిల్లల వివరాలు కూడా ఉంటాయి. వీటన్నిటికీ ముందు రెజిమెంటు ఏదో తెలియాలి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్ల నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరుసలో ఉన్నాయి. సికింద్రాబాదు బాప్తిస్మాలు వాటిలోకే వెళ్లేవి. బాప్తిస్మపు పద్దులో తండ్రి హోదా పక్కన రెజిమెంటు రాసి ఉండే అవకాశం ఎక్కువ. ఆ వ్యక్తి చేయవలసిన మొదటి పని అదే, చేయనిదీ అదే.

ఎవరికైనా ఇటువంటి పని అప్పగిస్తే వరుస సంఖ్య, పుట ఫోటో చూపిన తరువాతే పూర్తి సొమ్ము ఇవ్వండి. ఇదే వ్యక్తి నుంచి కాగితాలు తీసుకున్నవారు మీ కాగితంలోనూ 1940 బాంబు దాడి మాట ఉందేమో చూసి నాకు రాయండి. నా దగ్గరున్న కాగితం నకలు పంపిస్తాను, పక్కపక్కన పెట్టి పోల్చుకుందాము.