ఆఫ్రికన్ మిక్స్ సిక్లిడ్లు: కొన్నేళ్లు పెంచాక చెబుతున్న మాట

హైదరాబాద్‌లో ఏ అక్వేరియం షాపుకెళ్లినా ఒక ట్యాంక్ నిండా సిక్లిడ్ అనే రంగురంగుల చేపల పిల్లలు కనిపిస్తాయి. పేరడిగితే "ఆఫ్రికన్ మిక్స్ అన్నా, అన్నీ కలిసే ఉంటాయి" అంటారు. ఆఫ్రికన్ అన్నది నిజమే, ఎక్కువగా మలావీ సరస్సు జాతులే. కలిసి ఉండడం మాత్రం అవి చిన్నగా ఉన్నన్నాళ్లే.

నాది నాలుగడుగుల ట్యాంక్, సుమారు 250 లీటర్లు పడుతుంది. మిక్స్‌లో వచ్చినవాటిలో ఎలక్ట్రిక్ ఎల్లోకి మంచి మార్కులు వేస్తాను. ఒళ్లంతా పసుపు, వీపు రెక్క మీద పొడవునా నల్లగీత. గొడవలూ తక్కువే.

అసలు తంటా కెన్యీతో. పిల్లప్పుడు లేత నీలం ఒంటి మీద ముదురు నీలం పట్టీలు పైనుంచి కిందికి దిగుతూ ముద్దుగా ఉంటుంది. ఆడవి ఆ రంగులోనే ఉండిపోతాయి, మగది ఎదిగేకొద్దీ పసుపులోకి తిరుగుతుంది. మా ట్యాంక్‌లో ఒకటి మొదట నీలం వెలిసి మట్టిరంగులోకి వచ్చింది, ఆనక పసుపెక్కింది. ఇక మూలనున్న రాయి దాని జాగీరే. అందరినీ వదిలేసి ఎల్లోల వెంటే పడేది, తన రంగువాడే తనకు పోటీ అన్నట్టు. వాటి తోకలు చీలికలయ్యాయి. దాన్ని షాపులో తిరిగిచ్చేశాకే ట్యాంక్ కుదుటపడింది.

ఆరేటస్ గొడవల్లో ఇంకా ముదురు. దీని చారలు తల నుంచి తోకకు సాగుతాయి. పిల్లలు, ఆడవి పసుపు మీద నల్లచారలతో మెరుస్తాయి, పెత్తనం చేసే మగది నల్లబడుతుంది. అందుకే పిల్లల్ని ఎంచుకునేటప్పుడు రంగు చూసి మురిసిపోకుండా చారలు ఎటు పోతున్నాయో చూడండి. ఈ రెండూ మీ సంచిలోకి రాకుంటే సగం టెన్షన్ తగ్గినట్టే.

పీకాక్ సిక్లిడ్లు అందగాళ్లే కానీ మెతకవి. రాళ్ల మధ్య తిరిగే ఎంబునా జాతులతో (ఎల్లో, కెన్యీ, ఆరేటస్ ఇవే) కలపొద్దు, తిండి కూడా పడదు. ఎంబునాలు ఎక్కువగా రాళ్ల మీది నాచు గీక్కుని తినేవి, స్పిరులినా (ఒక రకం నాచు) గుళికలు చాలు. బ్లడ్‌వార్మ్స్ (ఎర్రపురుగులు) అదేపనిగా వేస్తే కడుపుబ్బరం పట్టుకుంటుంది. జిరాఫీలా మచ్చలుండే వెనస్టస్ పది అంగుళాల దాకా పెరిగే వేటగాడు, చిన్నవాటిని మింగేస్తుంది. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ అసలు ఆఫ్రికావే కావు. అడుగున తిరగడానికి సైనోడాంటిస్ క్యాట్‌ఫిష్ బాగా సర్దుకుంటుంది.

ఇప్పుడు నా దగ్గర ఎల్లోలు, రెడ్ జీబ్రాలు (ఇవీ ఎంబునాలే). ఒక్కో జాతికి ఒక మగది, మూడు నాలుగు ఆడవి. కొత్త చేప వేసే రోజు రాళ్ల అమరిక మార్చి లైటు ఆర్పేస్తాను. పాతవాళ్ల హద్దులు చెరిగిపోతాయి, కొత్తదానికి దెబ్బలు తగ్గుతాయి.

బకెట్లకు తెల్లచార కట్టే మన బోరు నీళ్లు వీటికి మాత్రం వరమే: గట్టి నీళ్లు, 7.8 నుంచి 8.6 పీహెచ్ వీటికి కావాలి. మే నెలలోనే ఇబ్బంది. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, కరెంటు కూడా పోతే బ్యాటరీ ఎయిర్ పంప్ ఉండాల్సిందే.

ఆడది నోట్లో గుడ్లు పెట్టుకుని మూడు వారాలు దాదాపు పస్తుంటుంది. ఎల్లో, జీబ్రా కలిసి కూడా పిల్లల్ని పెడతాయి కాబట్టి తండ్రి ఎవరో తెలియని పిల్లల్ని ఎల్లో అని చెప్పి ఎవరికీ ఇవ్వను.