చదరంగంలో సి4కి జవాబు: ఈ6 మంచిదా, సి6 మంచిదా?

తెల్లవారి డి4, నల్లవారి డి5, తెల్లవారి సి4 తర్వాత నల్లవారి ముందు రెండు గట్టి దారులు. ఈ6 ఆడితే క్వీన్స్ గ్యాంబిట్ డిక్లైన్డ్, సి6 ఆడితే స్లావ్. రెండూ డి5 బంటును కాపాడేవే. తేడా అంతా సి8లోని శకటు (బిషప్)తోనే.

ఈ6తో ఆ శకటు సొంత బంటు వెనక చిక్కుతుంది, కానీ కోట (క్యాజ్లింగ్) త్వరగా కట్టవచ్చు. ఇందులో ఒక ఉచ్చు కూడా ఉంది: గుర్రం సి3, గుర్రం ఎఫ్6, శకటు జి5, బి8 గుర్రం డి7, ఆపై డి5లో బంట్ల మార్పిడి. ఇప్పుడు తెల్లవారు గుర్రంతో డి5 బంటును తింటే, నల్ల గుర్రం దాన్ని తిని తన మంత్రిని (క్వీన్) వదిలేస్తుంది. తెల్ల శకటు ఆ మంత్రిని తినగానే నల్ల శకటు బి4 నుంచి చెక్! తెల్ల మంత్రి అడ్డు రాక తప్పదు. చివరికి నల్లవారికి ఒక పావు లాభం.

ఈ6 తర్వాత డి5లో బంట్ల మార్పిడి జరిగితే సి8 శకటుకు దారి దొరుకుతుంది, ప్రమాదమూ వస్తుంది. 2024 సింగపూర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మూడో ఆటలో తెల్లవారిగా ఆడిన భారత ఆటగాడు గుకేశ్ 9వ ఎత్తుగా జి4 తోశాడు. అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ మంత్రులను మార్చి శకటును సి2కి పంపాడు. అది అక్కడే ఇరుక్కుంది. 37 ఎత్తులకు డింగ్ గడియారంలో సమయం అయిపోయి ఓడిపోయాడు.

స్లావ్‌లో తెల్ల గుర్రం సి3లో ఉంటే, శకటు ఎఫ్5కు రావాలంటే సాధారణంగా ముందు డి5 బంటుతో సి4 బంటును తినాలి. తొందరపడి నాలుగో ఎత్తులోనే తెస్తే డి5లో మార్పిడి, ఆపై తెల్ల మంత్రి బి3: బి7, డి5 రెండూ దెబ్బలోకి వస్తాయి. నల్ల మంత్రి బి6 అని ఎదురు నిలిస్తే తెల్ల గుర్రం డి5 బంటును తినేస్తుంది.

కొత్తగా నేర్చేవారికి ఈ6 నయం.