పులికాట్ ఒడ్డున పడవల షెడ్డు: ఫైబర్ పనికి భేష్, మోటారు పనికి ఆలోచించాలి

తిరుపతి జిల్లా తడ నుంచి భీములవారిపాళెం పడవల రేవుకు పోయే వైపు, పులికాట్ ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఉందీ షెడ్డు. బోర్డు లేదు, పందిరి కింద బోర్లించిన పడవలే గుర్తు. ఫైబర్ పడవల మరమ్మతు, కట్టేసుకోవడానికి చోటు, బాడుగ పడవలు మూడూ ఉన్నాయి గానీ, మూడింటికీ ఒకే మార్కు వేయలేం.

ఫైబర్ పనికే ఎక్కువ మార్కులు. పులికాట్‌లో నీళ్లు తక్కువ, పడవ అడుగు ఇసుక మేటల మీదా పాత గుంజల మీదా రాసుకుంటుంది. పైకి వెంట్రుకంత గీతే కనబడినా, లోపల మ్యాట్ (గాజునార పరుపు) పొరలు విడిపోయి ఉంటాయి. ఇక్కడి మేస్త్రి పుట్టీ పూసి పంపించే రకం కాదు. రూపాయి బిళ్లతో చుట్టూ తట్టి, శబ్దం బోలుగా వచ్చినంత మేరా చాక్‌పీసుతో గీత గీసి, అక్కడిదాకా గ్రైండింగ్ పెడతాడు. అంచును నిటారుగా కోయడు. మందానికి పన్నెండు రెట్లు వాలు తీస్తాడు, అంటే 5 మిల్లీమీటర్ల మందానికి 6 సెంటీమీటర్లు. ఈ వాలు లేకపోతే కొత్త మ్యాట్‌కు పట్టు చాలదు, నాలుగు అలలు కొట్టేసరికి అంచు లేస్తుంది.

ఆ తర్వాత మంచినీళ్లతో కడిగి బాగా ఆరబెడతారు. చాలాచోట్ల ఎగ్గొట్టే పని ఇదే. తుడవడానికి వాడే అసిటోన్ జిడ్డును తీస్తుంది గానీ ఉప్పును తీయదు.

450 గ్రాముల మ్యాట్ చదరపు మీటరు పరిస్తే పొరకు సుమారు కిలో రెసిన్ (మ్యాట్‌ను తడిపి అంటించే జిగురు ద్రవం) పడుతుంది. తగ్గితే తెల్లమచ్చలు మిగిలి నీళ్లు లాగుతుంది, ఎక్కువైతే పెళుసెక్కి పగులుతుంది. దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ కిలో రెసిన్‌కు 10 నుంచి 20 గ్రాములు. మే నెల ఎండలో పదే ఎక్కువ. ఇరవై పోస్తే మగ్గులోనే గడ్డకట్టి పొగలు కక్కుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో మాత్రం పడవ ఇవ్వకండి. చెమ్మ మీద వేసిన పొర, హార్డ్‌నర్ ఎంత పెంచినా పట్టదు.

ఒక్క విషయంలో మేస్త్రికి గట్టిగా చెప్పాలి. రెసిన్ త్వరగా గట్టిపడేందుకు కలిపే కోబాల్ట్ డబ్బా, హార్డ్‌నర్ డబ్బా ఒకే అరలో పక్కపక్కన పెట్టారు. కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో కలిపాకే హార్డ్‌నర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుతాయి.

మోటారు పని అంతంతమాత్రం. వేడెక్కుతోందంటే, చల్లబరిచే నీళ్లను లోపలికి తోడే ఇంపెల్లర్ మార్చి చేతులు దులుపుకుంటారు. ఈ బురదనీళ్లలో లోపలి నీటిదారులు కూడా పూడిపోతాయి, అవి విప్పి కడగరు. మరమ్మతయ్యాక మోటారును మంచినీళ్ల డ్రమ్ములో పది నిమిషాలు నడపమనండి. వెనక సన్నటి ధార ఆగకుండా పడితేనే డబ్బులివ్వండి. జింకు ముక్క మీద కూడా రంగు కొట్టేస్తున్నారు. తాను కరిగి మోటారును కాపాడాల్సిన ముక్క అది, రంగు పడితే ఉన్నా లేనట్టే. కిరసనాయిలు మీద నడిపే టూ స్ట్రోక్ మోటారైతే, ఆపే ముందు కాసేపు పెట్రోలు మీదికి మార్చండి. లేకుంటే పొద్దున తాడు లాగి లాగి భుజం పోతుంది.

కట్టేసుకునే చోటు ఫర్వాలేదు. మోకు రాసుకునే దగ్గర సైకిల్ ట్యూబు చుట్టుకోండి. నడి ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయి పడవ బురదలో కూర్చుంటుంది, ముందే ఒడ్డుకు లాగించుకోవడం మేలు.

బాడుగ పడవలు పక్షులు చూడ్డానికీ, ఇరకం దీవి వైపు పోవడానికీ సరిపోతాయి. పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే తిరుగు ప్రయాణంలో తడిసిపోతారు. ఎక్కేముందు నీళ్లు తోడే మగ్గు, గడకర్ర ఉన్నాయో లేదో చూసుకోండి. లైఫ్ జాకెట్ల బకిల్స్ లాగి చూడండి. పిల్లల సైజువి రెండే ఉన్నాయి, అందులో ఒకదానికి పట్టీ లేదు.