1970 షెవెల్‌తో వీలీ లాంచ్: కొన్ని సీజన్లు నడిపాక నా సమీక్ష

డ్రాగ్ రేసులో, అంటే తిన్నటి ట్రాకు మీద క్వార్టర్ మైలు (సుమారు 400 మీటర్లు) పరుగులో, పచ్చ లైటు పడగానే మా 1970 షెవర్లే షెవెల్ ముందు చక్రాలు రెండిటినీ సమానంగా గాల్లోకి లేపుతుంది, దీన్నే వీలీ అంటారు. ఎత్తు అడుగు లోపే. అలాగే కొంత దూరం పోయి, దబ్బున పడకుండా మెత్తగా దించుతుంది. ఈ తీరు కుదరడానికి కారు అడుగుభాగంలో నేను మార్చని ముక్క దాదాపు లేదు. మేముండేది డాలస్ పక్కన. ఎక్కువగా నడిపేది ఎన్నిస్‌లోని టెక్సస్ మోటర్‌ప్లెక్స్‌లో. 1986లో తెరిచిన ఆ ట్రాకు క్వార్టర్ మైలు పొడవునా కాంక్రీటే, పట్టు బ్రహ్మాండంగా ఉంటుంది. అక్కడ ఇన్ని సీజన్లు లాంచ్ చేశాక ఏ పార్టు పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది, ఏది చేయలేదు అన్నది ధైర్యంగా చెప్పగలను.

కారు మాలిబు బాడీ, అంటే షెవెల్‌లో మామూలు మోడల్, ఎక్కువ శక్తితో వచ్చిన అసలు ఎస్‌ఎస్ (సూపర్ స్పోర్ట్) కాదు. 454 ఘనపు అంగుళాల ఇంజిన్ బ్లాకుని బోర్ చేయించి (సిలిండర్లు వెడల్పు చేయించి), 4.25 అంగుళాల స్ట్రోకున్న క్రాంక్ వేయించి 496 చేయించాను. హెడ్స్ అల్యూమినియంవి. టర్బో 400 ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి ట్రాన్స్‌బ్రేక్ (లాంచ్ దాకా కారుని కదలకుండా గేర్‌బాక్స్ లోపలే పట్టి ఉంచే ఏర్పాటు) ఉంది, టార్క్ కన్వర్టర్ 4,000 ఆర్‌పీఎం చుట్టూ స్టాల్ అవుతుంది, అంటే కారు ఆగి ఉండగా ఇంజిన్ అంతవరకు తిరగగలదు. వెనక 12 బోల్టుల యాక్సిల్, 4.10 గేర్లు. నాతో కలిపి 3,700 పౌండ్లు తూగుతుంది, అందులో 53 శాతం ముందు చక్రాల మీద. క్వార్టర్ మైలు 10.6 సెకన్ల చుట్టూ పోతుంది.

వీలీ ఎత్తు గురించి ముందే చెప్పాలి. విజయవాడ నుంచి వచ్చినప్పుడల్లా మా బావమరిది వీడియో తీస్తూ "ఇంకా లేపు బావా" అంటాడు. చూడ్డానికి ఎత్తు బావుంటుంది, కాదనను. కానీ టైమ్ స్లిప్‌లో చూడాల్సింది మొదటి 60 అడుగులకి పట్టిన టైము. ఇదే కారు రెండడుగుల పైన లేచినప్పుడు ఆ టైము 1.47 సెకన్లు, అడుగు లోపు లేచినప్పుడు 1.43. ముక్కుని పైకెత్తడానికి ఖర్చయిన శక్తి కారుని ముందుకి తోయడానికి మిగలదు. 1960లలో జనాన్ని ఉర్రూతలూగించిన హెమీ అండర్ గ్లాస్, లిటిల్ రెడ్ వ్యాగన్ లాంటివి ఇంజిన్‌నే వెనక్కి జరిపి కట్టిన ప్రదర్శన బళ్ళు. ఇంజిన్ ముందే ఉన్న మామూలు మజిల్ కారుకి నాకు ఆదర్శం స్టాక్ ఎలిమినేటర్ క్లాసు కార్లు, అంటే ఫ్యాక్టరీ రూపానికి దగ్గరగా ఉంచి రేసు చేసేవి. వెడల్పు తక్కువ స్లిక్స్ (నున్నటి రేసు టైర్లు) మీద అవి లేచే తీరు, దిగే తీరు దగ్గర్నుంచి చూస్తే సస్పెన్షన్ ఎలా పని చేయాలో అర్థమవుతుంది.

కొంచెం లెక్క చూద్దాం. రెండు తలుపుల షెవెల్ వీల్‌బేస్ 112 అంగుళాలు. బరువులో 53 శాతం ముందుంటే గురుత్వ కేంద్రం వెనక ఇరుసుకి సుమారు 59 అంగుళాలు ముందుంటుంది. దాని ఎత్తు నేల నుంచి రెండడుగులనుకుంటే, 59ని 24తో భాగిస్తే దాదాపు రెండున్నర వస్తుంది. అంటే ముందు చక్రాల మీద భారం సున్నా కావాలంటే కారు ఆ క్షణంలో రెండున్నర జి (గురుత్వానికి రెండున్నర రెట్లు) త్వరణం అందుకోవాలి. ముక్కు లేచేకొద్దీ గురుత్వ కేంద్రం కూడా పైకి పోతుంది, కాబట్టి ఇంకా లేవడానికి కావలసిన త్వరణం తగ్గుతుంది. అందుకే లేవడం మొదలైన కారు ఆగకుండా లేస్తూనే పోతుంది. దాన్ని ఎక్కడ ఆపాలో షాక్స్‌తో (షాక్ అబ్సార్బర్లతో) నిర్ణయించుకోవాలి. గుర్రపు శక్తి పెంచుకుంటూ పోతే ఈ పని జరగదు.

టైర్లు మిక్కీ థాంప్సన్ డ్రాగ్ రేడియల్స్, 275/60ఆర్15 సైజు. బర్నౌట్ (రన్ ముందు టైర్లని అక్కడే తిప్పి వేడెక్కించడం) తర్వాత గాలి ఒత్తిడి 16 పౌండ్లు ఉండేలా చూసుకుంటాను. వీటి మీద నాకు ఫిర్యాదు లేదు. స్లిక్స్ అయితే పక్క గోడలు ముడుచుకుని ఆ దెబ్బని కొంత మింగుతాయి. రేడియల్ అలా మింగదు, పడితే గట్టిగా పట్టేస్తుంది, జారిందంటే ఇక ఆ రన్ పోయినట్టే. అందుకే రేడియల్స్ వేసుకున్నవాళ్ళకి వెనక షాక్స్ ట్యూనింగ్ మరీ ముఖ్యం.

అసలు పని వెనక సస్పెన్షన్‌లోనే ఉంది. షెవెల్‌కి వెనక కాయిల్ స్ప్రింగులు, ఇరుసుని పట్టుకునే నాలుగు ఆర్మ్స్ ఉంటాయి. కింది రెండు దాదాపు తిన్నగా, పై రెండు ఏటవాలుగా. కారుని పక్క నుంచి చూస్తూ పై ఆర్మ్ గీతనీ కింది ఆర్మ్ గీతనీ ముందుకి పొడిగిస్తే అవి కలిసే చోటుని ఇన్‌స్టంట్ సెంటర్ అంటారు. ఇరుసు కారుని ఎక్కడ పట్టి ఎత్తుతోందో ఆ బిందువు చెబుతుంది. అది వెనక్కి, పైకి వచ్చేకొద్దీ లాంచ్‌లో టైరు నేలకి గట్టిగా అదుముకుంటుంది, కారు వెనక భాగం కుంగకుండా లేస్తుంది. ముందుకి, కిందికి పోతే దెబ్బ మెత్తబడుతుంది.

ఈ బిందువుని జరపడానికి చవకైన దారి నో-హాప్ బార్స్. ఇరుసు మీద పై ఆర్మ్స్ బిగించే చోటుని కాస్త ఎత్తులోకి మారుస్తాయి. పెట్టిన డబ్బుకి ఇంత ఫలితం ఈ కారులో మరే పార్టూ ఇవ్వలేదు. వెనక చక్రాలు గెంతడం ఒక్కసారిగా పోయింది. వీటికి ఒక లోటు ఉంది, రోడ్డు మీద గట్టిగా బ్రేకు కొడితే వెనక భాగం గెంతుతుంది. లాంచ్‌లో ఎత్తే జ్యామితే బ్రేకులో తిరగబడుతుంది. ముందు కారు ఉంటే నేను ఎక్కువ ఖాళీ వదిలే నడుపుతాను.

నో-హాప్ వేశాక పినియన్ యాంగిల్ (డ్రైవ్‌షాఫ్ట్ వచ్చి ఇరుసుని కలిసే కోణం) మారిపోతుంది కాబట్టి పొడవు సర్దుకునే పై ఆర్మ్స్ తప్పనిసరి. డ్రైవ్‌షాఫ్ట్‌తో పోల్చి పినియన్ ముక్కు రెండు డిగ్రీలు కిందికి పెట్టాను. మొదట కొన్న జతకి పాలియురెథేన్ బుష్‌లు వచ్చాయి. కారు పక్కకి ఒరిగినప్పుడు ఈ ఏటవాలు ఆర్మ్స్ మెలితిరగాలి, ఆ గట్టి బుష్ తిరగనివ్వదు. ఒక సీజన్ గడిచేసరికి అంచులు చిట్లి, లోపలి స్లీవ్ నల్లబడి, ఆర్మ్ చివర వెల్డింగ్ పక్కన వెంట్రుక సన్నంలో పగులు కనిపించింది. కంపెనీ పేరు ఇక్కడ రాయను. మీరు కొనేటప్పుడు మాత్రం చివర గోళాకారపు జాయింట్ ఉన్నది అడగండి. అవి వేసినప్పట్నుంచి ఆ చోట మళ్ళీ చెయ్యి పెట్టాల్సిన పని రాలేదు. ఇంకో సంగతి, పై ఆర్మ్ చోటునీ కింది ఆర్మ్ చోటునీ ఫ్రేముకి కలిపే బ్రేసులు, బాక్స్ చేసిన కింది ఆర్మ్స్ ఆ రోజుల్లో ఎస్‌ఎస్ కార్లకి ఫ్యాక్టరీ నుంచే వచ్చేవి. మాలిబు కొన్నవాళ్ళు ముందు వాటిని వేయించుకోవాలి.

డ్రైవ్‌షాఫ్ట్ తిరిగే బలం ఇరుసుని మెలిపెడుతుంది. కుడి వెనక టైరు మీద భారం తగ్గుతుంది, బాడీ కుడి వెనక్కి ఒరిగి ఎడమ ముందు చక్రం ఎక్కువ లేస్తుంది, కారు కుడివైపు లాగుతుంది. పాతకాలం నుంచీ అందరూ చేసే ఉపాయం కుడి స్ప్రింగు లోపల గాలి సంచి పెట్టడం. ఎడమవైపు సంచిలో 5 పౌండ్లు, కుడివైపు 20 పెట్టి నేనూ చాలాకాలం నడిపాను. పని చేస్తుంది, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. కానీ టెక్సస్ ఎండలో పొద్దున పెట్టిన గాలి మధ్యాహ్నానికి మారిపోతుంది. ప్రతి రన్‌కీ గేజ్ పట్టుకుని కారు కింద దూరాలి. వెనక యాంటీ-రోల్ బార్ (బాడీ పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ) వేసి, కుడివైపు లింకుకి కాస్త ముందస్తు బిగింపు ఇచ్చాక ఆ బాధ తీరింది. ముందు చక్రాలు రెండూ ఒకే మట్టంలో లేవడం అప్పుడు మొదలైంది. మొత్తం సెటప్‌లో నాకు బాగా నచ్చిన పార్టు ఇదే. దీనివల్ల స్టీరింగ్ మీద టెన్షన్ సగం పోయింది.

ఇక ముందు భాగం. స్వే బార్ (ఇదీ ఒరగకుండా ఆపే కడ్డీయే) తీసేశాను. మొరోసో ట్రిక్ స్ప్రింగులు వేశాను, ఇవి పొడవుగా ఉండి, నొక్కుకుపోయి కూర్చుంటాయి. బరువు తగ్గగానే ఆ నొక్కుడు విడిచిపెట్టి ముక్కుని పైకి తోస్తాయి. మొదట వాడినవి 90/10 షాక్స్. సాగడానికి అడ్డు చాలా తక్కువ, నొక్కుకోవడానికి అడ్డు చాలా ఎక్కువ. శక్తి తక్కువున్న కారుకి, ముందు చక్రాలు లేవడమే కష్టమైన కారుకి ఇవి మంచివే. నా కారుకి సరిపోలేదు. ముక్కు అడ్డూ ఆపూ లేకుండా పైకి పోయేది. పైగా రోడ్డు మీద గతుకులు వరసగా వస్తే షాక్ సాగుతుంది గానీ త్వరగా తిరిగి కుంగదు, కారు ముక్కు పైకెత్తుకుని పడవలా ఊగుతుంది.

వాటి చోట సాగడం, కుంగడం విడివిడిగా సర్దుకునే డబుల్ అడ్జస్టబుల్ షాక్స్ వేశాను. ఖరీదు ఎక్కువే, అయినా కొనండి. సాగే వైపు రెండు క్లిక్కులు బిగిస్తే వీలీ ఎత్తు సగానికి తగ్గింది, 60 అడుగుల టైము మెరుగైంది. కుంగే వైపు ఒక క్లిక్కు పెంచితే దిగేటప్పుడు వచ్చే దడ తగ్గింది. ఒకసారి ఒక్క నాబ్ మాత్రమే తిప్పాలి, తిప్పినది పుస్తకంలో రాయాలి. ఎండ ముదిరి ట్రాకు వేడెక్కితే పొద్దుటి సెట్టింగు పని చేయదు, అప్పుడు ఆ పుస్తకమే దిక్కు. పై ఆర్మ్ కింద రబ్బరు బంపర్‌ని కోసి ఎక్కువ ప్రయాణం తెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అలా కోస్తే సస్పెన్షన్‌ని ఆపే పని షాక్ మీద పడుతుంది, దాని రాడ్ పీకేసుకుంటుంది. సస్పెన్షన్ ఒక హద్దు దాటి సాగకుండా ఆపే ట్రావెల్ లిమిటర్ పెట్టండి.

చాలామంది మరిచిపోయేది కార్బ్యురేటర్. నాలుగు బ్యారెళ్ళ హోలీ కార్బ్యురేటర్‌లో వెనక బౌల్‌కి (పెట్రోలు నిలిచే గిన్నెకి) జెట్లు (పెట్రోలుని కొలిచి వదిలే రంధ్రాలు) ముందు గోడకి ఉంటాయి. కారు దూకగానే పెట్రోలు మొత్తం బౌల్ వెనక గోడకి ఎగబాకుతుంది, జెట్లు గాలి పీలుస్తాయి, ముందు చక్రాలు గాల్లో ఉండగానే ఇంజిన్ తడబడుతుంది. తడబడితే ముక్కు దబ్బున పడుతుంది. మందు చాలా చిన్నది. జెట్‌కి తొడిగే సన్నటి గొట్టాలు దొరుకుతాయి, అవి వెనక్కి పోయిన పెట్రోలులోకి చేరతాయి. ఆ గొట్టాలకి తగలకుండా గాటు పెట్టిన ఫ్లోట్ కూడా వేసుకోవాలి. ఒక సాయంత్రం పని, ఖర్చు నామమాత్రం. దీని తర్వాత నా లాంచ్‌లో తడబాటు అన్నది లేదు.

దిగడం గురించి గట్టిగానే చెబుతాను. గాల్లో ఉన్నప్పుడు స్టీరింగ్‌కి పని లేదు, తిన్నగా పట్టుకుని ఉండటమే. చక్రాలు ఒక పక్కకి తిరిగి ఉండగా నేల తగిలితే కారు అటే దూకుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు ఒక్కసారిగా ఎత్తితే ముక్కు బండరాయిలా పడుతుంది. హెడర్ కలెక్టర్లు (ఎగ్జాస్టు గొట్టాలు కలిసే చోట్లు) చపటగా నలగడం, ఆయిల్ పాన్ గీసుకోవడం, కింది బాల్ జాయింట్లు వదులవడం అన్నీ ఆ ఒక్క కదలికతో వస్తాయి. కారు గోడవైపు పోతుంటే మాత్రం ఆలోచించకుండా కాలు తీయాల్సిందే, పార్టులు మళ్ళీ దొరుకుతాయి. నేను ప్రతి రేసు రోజు తర్వాత కారుని లేపి బాల్ జాయింట్లు, టై రాడ్ చివర్లు, టో కొలత (ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది) చూస్తాను. టో మారినట్టు కనిపిస్తే ఆ రోజు ఎక్కడో గట్టిగా దిగిందని అర్థం.

రియాక్షన్ టైము (పచ్చ లైటుకి కారు కదలడానికి పట్టే టైము) చూసుకునేవాళ్ళకి ఒక మాట. స్టేజ్ బీమ్ (స్టార్ట్ గీత దగ్గర ముందు టైరుని పసిగట్టే కాంతి కిరణం) నేలకి కాస్త పైన ఉంటుంది. టైరు ముందుకి దొర్లి బీమ్ వదలడం ఒకటి, పైకి లేచి వదలడం ఇంకొకటి. ముక్కు వేగంగా లేస్తే బీమ్ ముందే తెరుచుకుని ఎర్ర లైటు (ఫౌల్) పడొచ్చు. ముందు షాక్ సెట్టింగు మార్చినప్పుడల్లా నా టైమింగు కూడా మార్చుకోవాల్సి వస్తోంది.

రోడ్డు మీద ఇది సుఖమైన కారు కాదు. 28 అంగుళాల టైరు, 4.10 గేరుతో గంటకి 65 మైళ్ళలో ఇంజిన్ 3,200 ఆర్‌పీఎం తిరుగుతుంది. ఎన్నిస్ వెళ్ళిరావడం వరకు సరే, ఆస్టిన్ దాకా అయితే ట్రెయిలర్ మీదే. వీలీలు మాత్రం ట్రాకు మీదే, రోడ్డు మీద ఎప్పుడూ వద్దు. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ) నిబంధనల ప్రకారం క్వార్టర్ మైలు 11.49 సెకన్లు లేదా అంతకన్నా వేగంగా పోయే కారుకి రోల్ బార్ (బోల్తా పడితే డ్రైవర్ని కాపాడే ఉక్కు కడ్డీ) ఉండాలి. 10.99 లేదా అంతకన్నా వేగమైతే సీ-క్లిప్ ఎలిమినేటర్లు (ఇరుసు విరిగినా చక్రం ఊడి బయటికి రాకుండా ఆపేవి), గేర్‌బాక్స్ షీల్డ్ కూడా కావాలి. డ్రైవ్‌షాఫ్ట్ లూప్ (షాఫ్ట్ విరిగితే కింద పడకుండా పట్టే ఉంగరం) ముందు యూ-జాయింట్‌కి 6 అంగుళాల లోపు ఉండాలి. నేను బ్యాటరీని డిక్కీలో కుడి పక్కకి మార్చాను, వెనక కుడి టైరుకి బరువు కలిసొచ్చింది. అలా మారిస్తే కారు వెనక బయటికి కటాఫ్ స్విచ్ కూడా పెట్టాలి. రోల్ బార్ వేయించాక ఇంకో లాభం కనిపించింది, తలుపుల సందులు సీజన్ చివర కూడా మొదట్లో ఉన్నంతే ఉంటున్నాయి.

ఖర్చు దశలవారీగా పెట్టుకోవాలనుకునేవాళ్ళు ముందు టైర్లు, ఫ్రేమ్ బ్రేసులు, నో-హాప్ బార్స్, సర్దుకునే పై ఆర్మ్స్ కొనండి. తర్వాత యాంటీ-రోల్ బార్. ఆపైన ముందు డబుల్ అడ్జస్టబుల్ షాక్స్, వెంటనే వెనకవి. 90/10 షాక్స్, గాలి సంచులు ఆ మధ్యకాలం గడపడానికి సరిపోతాయి, సెకండ్‌హ్యాండ్‌లో బోలెడు దొరుకుతాయి.