మారేడ్‌పల్లి హార్మనీ క్లాసు: ఆరు శనివారాల తర్వాత నా రివ్యూ

నేర్పే సార్ పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద కంప్లైంట్లు కూడా ఉన్నాయి, ఆయన మీద నాకేం పగ లేదు. సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక ఇంటి మేడ మీద శనివారం సాయంత్రాలు నడుస్తుంది, పాత రాక్ బ్యాండ్ల పాటలు ముగ్గురు నలుగురు కలిసి తలా ఒక స్వరంలో ఎలా పాడతారో నేర్పిస్తారు. ఆరు క్లాసులు, ఒక్కోటి రెండు గంటలు, 4500 తీసుకున్నారు.

నేను చేరింది ఒక్క పాట కోసం. ఈగల్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండు వాళ్లది, 1980 లైవ్ ఆల్బంలో ఉంటుంది, సెవెన్ బ్రిడ్జెస్ రోడ్. రాసింది వాళ్లు కాదు, స్టీవ్ యంగ్ అనే ఆయన, అలబామాలో మాంట్‌గోమరీ ఊరి దగ్గర రోడ్డు గురించి. కానీ ఈగల్స్ పాడితే ఐదుగురూ వాయిద్యం ఏదీ లేకుండా ఒక్కసారే గొంతెత్తుతారు చూడండి, అక్కడ నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. షోకి ముందు గొంతులు కలుపుకోడానికి లోపల పాడుకునే పాటనే తెచ్చి స్టేజి మీద పెట్టారంట. పదిహేనేళ్లుగా బండి మీద ఇదే పాడుకుంటున్నా, ఎప్పుడూ పై గొంతు ఒక్కటే పాడుతున్నానని క్లాసుకి పోయేదాకా నాకే తెలీదు.

సార్ సికింద్రాబాద్‌లో చర్చి క్వైర్‌లో, అంటే పాటల బృందంలో పెరిగినాయన, టెనార్, అంటే మగవాళ్లలో పై గొంతు. మొదటి రోజు పాటే లేదు. ఫోన్లో తంబూరా పెట్టి ఒకరిని స, ఒకరిని గ, ఒకరిని ప పట్టుకోమన్నారు, మాటల్లేవు, ఉత్త "ఊ". ఇదేం క్లాసురా బాబూ, డబ్బులు పోయినట్టే అనుకున్నా. ఒక ఇరవై నిమిషాలకి మా ముగ్గురి మధ్య ఏదో కుదిరింది, గది మొత్తం గుయ్యిమంది, పైన ఎవరో నాలుగో మనిషి పాడుతున్నట్టు సన్నగా ఇంకో స్వరం వినిపించింది. నేను నిజంగానే తల తిప్పి చూశా.

అప్పుడు చెప్పారు ఆయన. కీబోర్డు మీద ఉండే గాంధారం, అంటే ఆ గ, అసలు దానికన్నా కొంచెం పైన ఉంటుందంట, ఒక అర స్వరాన్ని వంద ముక్కలు చేస్తే అందులో 14 ముక్కలంత. తంబూరాకి పాడితే మన చెవి దాన్ని దానంతటదే కిందికి దింపుకుంటుంది, అప్పుడే ఆ గుయ్యిమనడం. నేను చిన్నప్పుడు వర్ణాల దాకా కర్ణాటకం నేర్చుకున్నా కాబట్టి శంకరాభరణం రాగంలో గాంధారం ఎక్కడుంటుందో గొంతుకి తెలుసు, అందుకని అది ఈజీగా దొరికింది. కానీ దొరికిన స్వరాన్ని ఊరికే ఉంచడం రాదు కదా మనకి, ఊపుతాం. "వంకర్లొద్దు సార్, స్కేలు పెట్టి గీత గీసినట్టుండాలి" అని ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. పక్కన ఇద్దరు తిన్నగా పట్టుకుంటే నడిమధ్య నేను గమకం వేస్తే మొత్తం చెడుతుంది, భజనలో అయితే అందరూ ఒకటే ట్యూన్ కాబట్టి ఎవరేం ఊపినా కలిసిపోద్ది.

ఇంకోటి, ఇంగ్లిష్ పదం చివర "స్" వస్తే అందరూ అనకూడదు, ఒక్కళ్లే అనాలి. లేకపోతే తలో టైంకి అని పాములు బుసకొట్టినట్టు ఉంటది. ఇది విన్నాక పాత రికార్డులన్నీ మళ్లీ వేసుకుని విన్నా.

నాకు ఇచ్చింది మధ్య గొంతు. మొదట ఫీలయ్యా, పై గొంతు ఇస్తే నలుగురికీ వినపడేది కదా అని. మధ్య లైను అసలు పాటలా ఉండదు, రెండు మూడు స్వరాల మీదే తిరుగుతుంది, పైవాళ్లు ఎక్కినా కిందవాళ్లు దిగినా మనం అక్కడే నిలబడాలి, చెవి మాత్రం పక్కోడి ట్యూన్ వైపు గుంజుతుంటది. ఇంట్లో ప్రాక్టీస్ చేస్తుంటే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి "ఏంట్రా, పాట మర్చిపోయి అక్కడక్కడే తిరుగుతున్నావా" అంది. క్రాస్బీ, స్టిల్స్, నాష్ అని ముగ్గురి బ్యాండు ఉంది, వాళ్లలో క్రాస్బీ పాడేది ఎక్కువగా ఇలాంటి మధ్య లైనే, వాళ్ల 1969 మొదటి ఆల్బం హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని ఆయన్ని వెతకండి, దొరకడానికి టైం పడుతుంది.

చాయ్ బ్రేకులో సార్ చెప్పే ముచ్చట్లకే సగం ఫీజు వసూలు. బీటిల్స్ 1969లో బికాజ్ పాటకి జాన్, పాల్, జార్జ్ ముగ్గురూ కలిసి మూడు సార్లు రికార్డు చేసి తొమ్మిది గొంతులు చేశారు. క్వీన్ బ్యాండు వాళ్ల బొహీమియన్ రాప్సొడీ పాటలో అంతమంది గుంపు పాడినట్టు ఉంటుందా, అది ఫ్రెడ్డీ, బ్రయన్ మే, రోజర్ టేలర్ ముగ్గురే, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయారు, స్టేజి మీద అది కుదరక ఆ ముక్క వచ్చేసరికి టేప్ వేసి లోపలికి వెళ్లిపోయేవాళ్లు. ఈగల్స్ మీద నా గౌరవం అక్కడ ఇంకో మెట్టు పెరిగింది, టేప్ లేకుండా ఐదుగురు నిలబడి పాడారు కాబట్టి.

ఇప్పుడు కంప్లైంట్లు. బ్యాచ్‌కి ఆరుగురే అన్నారు, మూడో వారానికి పదకొండు మందిమి. ఏసీ ఉంది కానీ దాని మోతకి అదో స్వరం, ఆపితే ఉక్క. కార్ పార్కింగ్ లేదు, గల్లీలో పెడితే ఎదురింటాయన హారన్ కొడతాడు, పరేడ్ గ్రౌండ్ మెట్రోలో దిగి ఆటోలో రావడం బెస్ట్. ప్రాక్టీస్ ఆడియోలు వాట్సాప్‌లో పెడతారు, అన్నీ మగవాళ్ల శృతిలోనే, మా బ్యాచ్‌లో అమ్మాయిలు పాపం వాళ్లే మార్చుకున్నారు.

అన్నిటికంటే పెద్దది, జనం ఎక్కువయ్యాక తంబూరా పక్కన పెట్టి కీబోర్డు మీద పాడించారు. అందరూ కరెక్టుగానే పాడుతున్నాం, కానీ మొదటి రోజు వచ్చిన ఆ గుయ్యిమనడం మళ్లీ రాలేదు. అడిగితే "ఇంతమందిని తంబూరాతో పట్టలేను సార్" అన్నారు, అదీ నిజమే.

ఆఖరి శనివారం మాత్రం నన్నూ ఇంకో ముగ్గుర్నీ బయటికి తీసుకెళ్లి మెట్ల దగ్గర నిలబెట్టారు, గోడలకి బాగా మోగుతుందని. కీబోర్డు లేదు, ఏసీ లేదు. మొదటి లైను పాడాం, వచ్చేసింది. కింది ఇంటావిడ తలుపు తీసి మెట్లకేసి చూస్తూ నిలబడింది, తిడుతుందేమో అనుకున్నాం, "ఇంకోసారి పాడండమ్మా" అంది. మళ్లీ పాడితే నేను భయానికి గాంధారం ఊపేశా, చెడిపోయింది.

ఐదుకి నాలుగు స్టార్లు. ఏసీకీ పార్కింగ్‌కీ తగ్గించలేదు, ఆ ఒక్కటీ కీబోర్డుకే.