రాతి మీది పాచిని గుర్తుపట్టడానికి కాగితపు మైక్రోస్కోపు: ఫోల్డ్‌స్కోప్‌తో నా అనుభవం

మా ఇంట్లో నాలుగడుగుల మంచినీటి అక్వేరియం ఉంది. అందులో నల్లరాళ్ళను గుట్టగా పేర్చాను. ఆ రాళ్ళ సందుల్లో చెర్రీ రొయ్యలు, పైన నియాన్ టెట్రా చేపలు తిరుగుతుంటాయి. కిందటి ఏడాది చివర్లో ఆ రాళ్ళ మీద మూడు రంగుల పాచి ఒకేసారి కనబడింది. వెలుతురు తక్కువగా పడే మూలలో వేలితో తుడిస్తే పోయే గోధుమరంగు పొర, కంకరకు ఆనుకుని చింపితే పలుచని తెరలా లేచి వచ్చే ముదురు నీలిపచ్చ జిగురు, ఫిల్టరు నీళ్ళు జోరుగా తగిలే రాతి అంచున నలుపో ఊదానో తేల్చుకోలేని చిన్న చిన్న కుచ్చులు. మొదటి రెండింటి లాంటివి ఎప్పుడో చూసినట్టే అనిపించింది గాని, ఆ కుచ్చుల రంగు మాత్రం నాకు పూర్తిగా కొత్త.

ఫోనులో ఫోటోలు తీసి మా పేటలోని ఒక అక్వేరియం దుకాణంలో చూపిస్తే, దుకాణదారు మూడింటికీ కలిపి ఒకే మందుసీసా చేతిలో పెట్టారు. లేబుల్ చదవకుండా సగం మోతాదు పోయడం నా తప్పు. మర్నాటి ఉదయానికి పదకొండు రొయ్యలు అడుగున పడి ఉన్నాయి. అప్పుడు చదివితే ఆ మందులో ఉన్నది రాగి లవణమని తెలిసింది. చేపలు తట్టుకునే మోతాదు రాగి కూడా రొయ్యలనూ నత్తలనూ చంపగలదు. పాచి ఏదో తెలియకుండా మందు వేయకూడదని నాకు తెలిసిందీ, మా అమ్మాయి తన బడి ప్రాజెక్టు కోసం కొనుక్కున్న ఫోల్డ్‌స్కోప్ నా చేతికి వచ్చిందీ ఆ వారంలోనే.

ఫోల్డ్‌స్కోప్ అంటే మడతలు పెట్టి మనమే తయారుచేసుకునే కాగితపు మైక్రోస్కోపు. మీరట్‌లో పుట్టి, కాన్పూర్ ఐఐటీలో చదివి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన మను ప్రకాశ్, అక్కడి విద్యార్థి జిమ్ సైబుల్స్కీతో కలిసి దీన్ని రూపొందించారు. విడిభాగాల ఖర్చు ఒక డాలరు దాటకూడదన్నది వారి లక్ష్యం. 2014లో ఆ పరిశోధన వెలువడింది. ఇందులో ఉన్నది గోళీలాంటి బుల్లి గాజు కటకం ఒక్కటే. అది వస్తువును దాదాపు 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, 2 మైక్రాన్ల (మిల్లీమీటరులో అయిదువందలవ వంతు) వరకు వివరాలను విడదీస్తుంది. సొంతంగా కటకాలు చేసుకుని సూక్ష్మజీవులను చూసిన డచ్చి వ్యాపారి లేవెన్‌హుక్ 1674లో ఒక చెరువు నీటిలో మెలికలు తిరిగిన ఆకుపచ్చ పోగులను చూసి లేఖ రాసింది కూడా ఇలాంటి ఒంటి కటకంతోనే. అంటే పాచిని చూడటం ఈ రకం పరికరానికి మూడున్నర శతాబ్దాల నాటి పని.

ముందు గోధుమరంగు పొరను చూశాను. చాకు అంచుతో కొద్దిగా గీకి, ఒక నీటిబొట్టులో కలిపి, స్లైడు మీద కవర్‌స్లిప్ పెట్టి, కిటికీ వెలుతురు వైపు తిప్పి కంటికి ఆనించుకోగానే బంగారు రంగు పడవలు కనిపించాయి. అవి డయాటమ్‌లు, అంటే ఒకే కణంతో ఉండే పాచి. వాటి గోడలు సిలికాతో కట్టినవి, ఇసుకలో ఉండేదీ సిలికానే. రెండు నెలల ముందు తొట్టిలో కొత్త ఇసుక వేశానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. దీనికి మందే అక్కరలేదు. తుడుస్తూ ఉంటే కొన్ని వారాల్లో తగ్గిపోయింది.

నీలిపచ్చ జిగురు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కొమ్మలు లేని సన్నని పోగులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మెల్లగా జారుతున్నాయి. రెండు నిమిషాలు కదలకుండా చూస్తే తప్ప ఆ కదలిక తెలియదు, తెలిసిన తరువాత కన్ను తీయబుద్ధి కాదు. పేరుకు పాచే గాని ఇది సయానోబ్యాక్టీరియా, అంటే బ్యాక్టీరియా జాతి. నిర్ధారణ కోసం కొంత ఎండబెట్టి, గాజు గిన్నెలో నీళ్ళు పోసి రాత్రంతా నానబెడితే, పొద్దునకు ఆ నీటికి లేత నీలం దిగింది. సయానోబ్యాక్టీరియాలో ఉండే ఫైకోసయానిన్ అనే నీలి వర్ణకం నీటిలో కరిగిందన్నమాట. పైపుతో జిగురును లాగేసి, నీటి ప్రవాహం పెంచి, మూడు రోజులు తొట్టికి దుప్పటి కప్పి చీకటిలో ఉంచాను.

ఇక నల్లటి కుచ్చులు. కంటికి నల్లగా ఉన్నవి కటకం కింద బూడిదపచ్చగా, ఊదా నీడతో, కొమ్మలు కొమ్మలుగా కనిపించాయి. కణాలు ఒకే వరుసలో పూసలు గుచ్చినట్టున్నాయి. ఒక కుచ్చును కత్తిరించి, తొట్టికి దూరంగా చిన్న సీసాలో స్పిరిట్ పోసి అందులో వేశాను. పత్రహరితం స్పిరిట్‌లోకి దిగిపోయాక మిగిలిన కుచ్చు ద్రాక్షరసం రంగుకు తిరిగింది. ఫైకోఎరిత్రిన్ అనే ఎర్ర వర్ణకం స్పిరిట్‌లో కరగదు గనుక, పత్రహరితం చాటున ఉన్నది బయటపడింది. నల్లగా కనిపించిన ఆ పాచి నిజానికి ఎర్ర శైవలం (ఎర్ర పాచి వర్గానికి చెందినది), అక్వేరియం పెంపకందారులు బ్లాక్ బియర్డ్ ఆల్గే అని పిలిచే రకం. ఫోటో చూసి రంగును బట్టి ఎవరు చెప్పినా ఇక్కడ పొరబడతారని నా నమ్మకం.

ఈ పరికరం హద్దులు కూడా కొనేవారికి చెప్పాలి. వస్తువు గుండా వెలుతురు దూసుకురావాలి గనుక, రాయిని నేరుగా చూడలేము, గీకి తీయవలసిందే. హిల్డెన్‌బ్రాండియా వంటి మంచినీటి ఎర్ర శైవలాలు కుంకుమ పూసినట్టు రాతికి అంటుకుపోయి పొరగా పెరుగుతాయి. అలాంటివాటిని గీకినా ముద్దగా వస్తాయి, ముద్దలో కణాలు విడిగా తెలియవు. 140 రెట్లతో ఏ వర్గానికి చెందిన పాచో తేలుతుంది గాని, ప్రజాతి పేరు దాకా వెళ్ళడం కుదరదు. చూపు పడే జాగా చాలా చిన్నది, ఫోకస్ కుదరడానికి ఓపిక కావాలి. నాకు మొదటిరోజు అరగంట పట్టింది. అయస్కాంతపు బిళ్ళతో ఫోను కెమెరాకు అతికించిన తరువాత పని చాలా తేలికైంది, ఇంటిల్లిపాదీ ఒకేసారి చూడగలిగాం.

బల్ల మీద పెట్టుకునే మైక్రోస్కోపు కొనే స్తోమత ఉన్నవారు 400 రెట్లు చూపించేదాన్నే కొనుక్కోవచ్చు. నా మట్టుకు, మందుసీసా తెరిచే ముందు ఆ పాచి డయాటమా, బ్యాక్టీరియానా, ఎర్ర శైవలమా అని తేల్చుకోవడానికి ఇది సరిపోయింది. రొయ్యలు పెంచే ప్రతి ఇంట్లో ఇది ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

కుచ్చులు పట్టిన రాయిని బయటికి తీసి, మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను బ్రష్షుతో పూసి, కొన్ని నిమిషాలు ఆగి, బాగా కడిగి మళ్ళీ తొట్టిలో పెట్టాను. రెండు రోజులకు ఆ కుచ్చులు గులాబీరంగుకు తిరిగాయి. మూడో రోజు మిగిలిన రొయ్యలు వాటి మీదికి చేరి, ఒక్కొక్క పోగూ లాగి తినడం మొదలుపెట్టాయి.