కదిలే నోడ్లతో బ్యాట్‌మన్ అడ్వాన్స్‌డ్: రెండేళ్ల వాడకం తర్వాత

బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్ సముదాయం. గోడలకు బిగించిన రౌటర్లు ఐదు, సెక్యూరిటీవాళ్లు రౌండ్లకు వెంట తీసుకెళ్లేవి మూడు. అన్నీ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో నడిచే ఓపెన్ సాఫ్ట్‌వేర్), 2.4 గిగాహెర్ట్‌జ్. ఒక రౌటర్ (నోడ్) నుంచి ఇంకోటి అందుకుని డేటా ముందుకు పంపే మెష్ ఇది; ఏ దారిన పంపాలో ఎంచేది బ్యాట్‌మన్ అడ్వాన్స్‌డ్. ఈ రెండేళ్లలో నన్ను బాగా విసిగించింది ఒక్కటే: బ్రాడ్‌కాస్ట్ (అన్ని నోడ్లకూ ఒకేసారి పంపే ప్యాకెట్ల) వేగం.

సెక్యూరిటీ మనిషి బేస్‌మెంట్ ర్యాంపు దిగుతుంటే అతని మాట ముక్కలైపోతుంది. బ్యాట్‌మన్ పట్టికలో చూస్తే మాత్రం పైనున్న రౌటర్‌తో లింక్ నాణ్యత 255కి 240 అని ఉంటుంది. చిన్న పింగ్ (పరీక్ష ప్యాకెట్) వెళ్తుంది, 1400 బైట్లవి సగం అందవు. అది చూసి అందరూ ముందు ఎమ్‌టీయూని (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని) అనుమానిస్తారు. 1532 ఉందో లేదో చూసుకోండి, మంచిదే. కానీ అదే పింగ్ లాబీలో సాఫీగా వెళ్తుంటే తప్పు ఎమ్‌టీయూది కాదు.

లింక్ బాగుందో లేదో బ్యాట్‌మన్ నాలుగో వెర్షన్ తేల్చేది ఓజీఎంలు (ప్రతి నోడ్ నేనున్నానని చాటే సందేశాలు) ఎన్ని అందాయో లెక్కపెట్టి. అవి చిన్న బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లు, సెట్టింగ్ ముట్టుకోకపోతే 1 ఎంబీపీఎస్‌లోనే పోతాయి. అంత నెమ్మదిగా పంపితే కాంక్రీటు అవతలకీ వినబడతాయి. డేటా పోయేది దానికి ఎన్నో రెట్ల వేగంతో. పైగా లెక్క చివరి 64 ఓజీఎంల మీద. సెకనుకొకటి చొప్పున నిమిషం పాత జ్ఞాపకం అన్నమాట. లింక్ పూర్తిగా తెగితే రూట్ త్వరగానే మారుతుంది, సగం సగం వినబడినప్పుడే పట్టుకుని వేలాడుతుంది.

వైర్‌లెస్ ఫైల్లో మెష్ ఇంటర్‌ఫేస్ కింద ఎంకాస్ట్ రేట్ (బ్రాడ్‌కాస్ట్ వేగం) 12000, అంటే 12 ఎంబీపీఎస్ పెట్టండి, అన్ని నోడ్లలోనూ. ఒక్కదాన్లో మరిచిపోయినా రూట్లు ఆ నెమ్మది నోడ్ వైపే మొగ్గుతాయి. ర్యాంపు దగ్గర ఆరు కనబడే పొరుగు నోడ్లు మూడయ్యాయి. కంగారు పడక్కర్లేదు, పోయినవి పనికిరానివే. ఆ తర్వాతే ఓజీఎం వ్యవధిని 1000 నుంచి 500 మిల్లీసెకన్లకు దించాలి. ముందే దించితే 1 ఎంబీపీఎస్ బ్రాడ్‌కాస్ట్‌లు రెట్టింపై గాలి నిండిపోతుంది. 24000 కూడా పెట్టి చూశాను: బేస్‌మెంట్ మొత్తం మాయమైంది.

ఒకసారి పెట్టి మరిచిపోవచ్చని ఇదివరకు అందరికీ చెప్పేవాణ్ణి. అది కదలని నోడ్ల సంగతి. ఇక్కడ కూడా ర్యాంపు మలుపులో ఐదో రౌటర్ బిగించాకే మాట తెగడం ఆగింది, సెట్టింగ్ ఒక్కటే చాలలేదు. ఐదో వెర్షన్ వేగాన్నే కొలమానంగా తీసుకుంటుంది గానీ, మా రౌటర్ల డ్రైవర్ ఆ అంచనా సరిగా ఇవ్వదు. రెండు వెర్షన్లూ ఒకే మెష్‌లో కలవవు కాబట్టి ఎనిమిదీ ఒకేసారి మార్చాలి. రాత్రి రౌండ్లు ఆపలేని చోట నేనింకా ఆ పనికి పూనుకోలేదు.